'ఇప్పుడే వస్తారు' అనే మాట గురించి తిరుపతి వైద్యులకు, అధికారులకు ఒక తండ్రి బహిరంగ లేఖ

తిరుపతి జిల్లాలోని ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రుల వైద్యులకు, ఓపీ విభాగాలు నడిపే సిబ్బందికి, వైకల్య ధ్రువపత్రాల శిబిరాలు నిర్వహించే జిల్లా అధికారులకు

విషయం: ఆటిజం ఉన్నవారి ఆందోళనను మొండితనంగా లెక్కగట్టడం, దానివల్ల కుటుంబాలకు జరుగుతున్న నష్టం, మా కోరికలు.

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను ఆర్టీసీలో 29 ఏళ్లు కండక్టరుగా పనిచేసి విరమించాను. మా అబ్బాయికి 22 ఏళ్లు. ఆటిజం ఉంది. అంటే నలుగురితో మాట కలపడం, మార్పునూ శబ్దాన్నీ తట్టుకోవడం కష్టమయ్యేలా మెదడు ఎదుగుదలలోనే ఉండే తేడా. ఈ లేఖలో ఉన్న సంగతులనే తొమ్మిది నెలల కిందట ఒక ఆసుపత్రి అధికారికి రాసి ఇచ్చాను. జవాబు రాలేదు. పై కార్యాలయంలో అర్జీ పెట్టాను. పదహారో రోజున 'మీ అర్జీ పరిష్కరించబడినది' అని నా ఫోనుకు సందేశం వచ్చింది. ఎవరూ ఫోను చేయలేదు, ఎవరూ ఇంటికి రాలేదు, ఏం పరిష్కరించారో నాకు ఇప్పటికీ తెలియదు. రెండోసారి పెట్టిన అర్జీకి ఆ సందేశం కూడా లేదు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను. ఆసుపత్రి పేరు, డాక్టరు పేరు రాయడం లేదు. ఒకరిని వీధిలో నిలబెట్టాలని నాకు లేదు. పైగా ఆ రోజు జరిగినది ఆ ఒక్క చోటే జరిగేదీ కాదు.

పోయిన ఏడాది శ్రావణంలో మావాడికి కింది దవడ పన్ను వాచింది. రెండు రోజులు అన్నం ముట్టలేదు. తన చెంప మీద తనే కొట్టుకోవడం మొదలుపెట్టాడు. 'నొప్పి' అని వాడు చెప్పడు. ఆ మాట వాడి నోట నేను విన్నది ఈ 22 ఏళ్లలో నాలుగైదు సార్లే. ఉదయం 8 గంటలకల్లా ఆసుపత్రికి చేరాం. చీటీ మీద 47 అని రాసిచ్చారు.

వాడికి అంకెలంటే ధైర్యం. 47 అంటే 46 తర్వాత. గోడ మీది ఎర్ర అంకెల బోర్డు చూస్తూ బెంచీ మీద బుద్ధిగా కూర్చున్నాడు. 31 దాకా బోర్డు సవ్యంగానే నడిచింది. తర్వాత 38 వచ్చింది. దాని తర్వాత 33. ఈలోగా ఎవరో తెలిసినవాళ్లు చీటీ లేకుండానే లోపలికి వెళ్లి నవ్వుకుంటూ బయటికి వచ్చారు. ఆపైన డాక్టరు గారు వార్డు చూడటానికి వెళ్లారు. బోర్డు 35 దగ్గర ఆగిపోయింది. మా నెత్తి మీది ఫ్యాను తిరిగిన ప్రతిసారీ టక్కుమంటోంది. డాక్టరు గారు ఎప్పుడు వస్తారని కౌంటరులో అడిగాను. 'ఇప్పుడే వస్తారు' అన్నారు.

మనకు 'ఇప్పుడే' అంటే పావుగంట కావచ్చు, మధ్యాహ్నం కావచ్చు. ఆ మాట చెవిన పడగానే మనం వెనక్కి ఆనుకుని కాళ్లు చాపుకుంటాం. మావాడికి ఇప్పుడే అంటే ఇప్పుడే. లేచి నిలబడి తలుపు వైపు చూశాడు. ఎవరూ రాలేదు. 'తర్వాత?' అని నన్ను అడిగాడు. చెప్పాను. మళ్లీ 'తర్వాత?' అన్నాడు. ముప్పై నలభై సార్లు అడిగి ఉంటాడు. పక్కనున్న ఆయాకు విసుగొచ్చి 'ఎన్నిసార్లు చెప్పాలి, అర్థం కాదా?' అంది. వాడికి అర్థం కాక అడగడం లేదమ్మా. జవాబు మారిందేమోనని సరిచూసుకుంటున్నాడు. మన జవాబులు మారుతూనే ఉంటాయి కదా.

మూడు గంటల పది నిమిషాల తర్వాత మమ్మల్ని పిలిచారు. అప్పటికి వాడి చొక్కా చెమటతో తడిసిపోయింది, చెవులు మూసుకుని ముందుకూ వెనక్కూ ఊగుతున్నాడు. కుర్చీలో కూర్చోనన్నాడు. 'ఈ వేషాలన్నీ మా దగ్గర చెల్లవు' అన్నారొకరు. సెక్యూరిటీ మనిషిని పిలిచారు. నలుగురు కలిసి పట్టుకున్నారు. వాడి ఎడమ చేతిని పట్టుకున్నది నేనే. ఆ సంగతి దాచి ఈ లేఖ రాయడం నాకు ఇష్టం లేదు. నోరు తెరిపించలేకపోయారు. ఓపీ చీటీ మీద రోగి సహకరించలేదనే అర్థంలో ఇంగ్లీషులో రెండు ముక్కలు రాసి పంపేశారు.

19 రోజుల తర్వాత వేరే చోట మత్తు ఇచ్చి ఆ పన్ను తీశారు. చీము పట్టిందన్నారు. 26,000 రూపాయలు ఖర్చయింది.

'ఇప్పుడే' విషయంలో నా తప్పూ ఉంది. డ్రైవరు ఇంకా టీ బంకు దగ్గర ఉండగానే, నేను బస్సు పక్క రేకు చరుస్తూ 'ఎక్కండి ఎక్కండి, ఇప్పుడే బయలుదేరుతుంది' అని ఎన్ని వేల సార్లు అరిచి ఉంటానో లెక్క లేదు. ఎవరూ నన్ను తప్పుపట్టలేదు. అంత చిన్న అబద్ధానికి కూడా ఒక మనిషి కడుపు మెలిపెట్టుకుపోతుందని నేను తెలుసుకున్నది మా ఇంట్లోనే.

వాడు ఆ స్థితిని 'ఇంజను' అంటాడు. 'ఇంజను ఆగలేదు' అంటే లోపల దడగా ఉందని అర్థం. ఇది కనిపెట్టడానికి వాళ్లమ్మకు ఆరేళ్లు పట్టింది. ఒక డాక్టరు గారు వాణ్ణి 'భయంగా ఉందా?' అని అడిగారు. 'లేదు' అన్నాడు. 'దిగులుగా ఉందా?' అన్నారు. 'లేదు' అన్నాడు. 'ఇంజను' అని మూడుసార్లు చెప్పాడు. ఆయనకు అది అర్థం లేని మాటగా తోచింది. భయం లేదని రాసుకున్నారు. లోపల కలుగుతున్న భావానికి పేరు పెట్టలేకపోవడం ఆటిజం ఉన్నవారిలో సగం మందిలో కనిపిస్తుందని పరిశోధకులు అంటారు. తక్కిన జనంలో అది ఇరవైలో ఒకరికి ఉంటుంది. పేరు తెలియనంత మాత్రాన దడ తగ్గదు కదా.

నేను డాక్టరును కాను. పదో తరగతి చదివినవాణ్ణి. అయినా ఇంట్లో ఒక పిల్లవాడు ఉంటే మనిషి ఎంత దూరమైనా వెళ్లి తెలుసుకుంటాడు. 1943లో అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతోనే ఆటిజం అనే పేరు ఇప్పుడున్న అర్థంలో వైద్యంలోకి వచ్చింది. ఆ మొదటి వ్యాసంలోనే భయం ఉంది. ఉన్నది ఉన్నట్టే ఉండాలని ఆ పిల్లలు ఆత్రపడటం గురించి ఆయన రాశాడు. లిఫ్టు, ఇల్లు ఊడ్చే యంత్రం, కుళాయి నీళ్లు, కీ ఇస్తే తిరిగే బొమ్మలు, చివరికి గాలి శబ్దం కూడా వాళ్లను ఎలా హడలగొట్టేవో రాశాడు. 2011లో 31 అధ్యయనాలను, 2,121 మంది పిల్లల వివరాలను కలిపి చూస్తే, ఆటిజం ఉన్న పిల్లల్లో నూటికి దాదాపు 40 మందికి విడిగా వైద్యం చేయవలసినంత ఆందోళన రుగ్మత ఏదో ఒకటి ఉన్నట్టు తేలింది. ఏదో ఒక వస్తువంటేనో చోటంటేనో విపరీతమైన భయం 30 మందికి, నలుగురిలోకి వెళ్లాలంటే భయం 17 మందికి. ఇవన్నీ నాకంటే మీకే బాగా తెలిసి ఉండాలి. మరి మమ్మల్ని చూసేటప్పుడు ఇవి ఎక్కడికి పోతాయి?

మన దేశంలో ఆటిజాన్ని లెక్కగట్టే కొలమానం కాగితం నా దగ్గర ఉంది. 40 అంశాలు, ఆరు విభాగాలు, ఒక్కో అంశానికి ఒకటి నుంచి ఐదు మార్కులు. 70కి తగ్గితే ఆటిజం లేనట్టు. ఆరు విభాగాల్లో ఆందోళన పేరుతో ఒక్కటీ లేదు. భావోద్వేగాల విభాగంలో మాత్రం 'పైకి కనిపించే కారణం లేకుండా ఉద్రేకపడటం' అనే అర్థంలో ఒక అంశం ఉంది. దానికి మావాడికి ఐదుకు నాలుగు వేశారు. కనిపించే కారణం అంటే ఎవరికి కనిపించేది? 31 తర్వాత 38 రావడం వాడికి కనిపించింది, మీకు కనిపించలేదు. ఫ్యాను టక్కుమనడం వాడికి వినిపించింది, నాకు కూడా వాడు చెవులు మూసుకున్నాకే వినిపించింది. కారణం లేకపోవడం వేరు, మనం చూడకపోవడం వేరు.

మా వీధిలో క్షవరం చేసే పెద్దాయన ఒకరున్నారు. మావాడికి ఎనిమిదేళ్లప్పుడు మిషను శబ్దం వింటే చాలు, వీధి చివరిదాకా పరుగెత్తేవాడు. ఆ పెద్దాయన మిషను తీసి అరలో పెట్టేశారు. కత్తెర వాడి చేతికిచ్చి పట్టుకోనిచ్చారు. తర్వాత 'ఇరవై సార్లు కత్తిరిస్తాను నాయనా. ఇరవై అయ్యాక నువ్వు లేచిపోవచ్చు' అన్నారు. పైకి లెక్కపెడుతూ కత్తిరించారు. ఇరవై అనగానే కత్తెర కింద పెట్టేశారు. ఎడమ వైపు సగం అలాగే ఉండిపోయింది. ఇంకో పది కత్తిరిస్తే అయిపోతుంది కదా అని నేనన్నాను. ఆయన ఒప్పుకోలేదు. 'చెప్పిన మాట ఇరవై' అన్నారు. ఆ పూట సగం తలతోనే ఇంటికి వచ్చాం, వీధిలో పిల్లలు నవ్వారు. మర్నాడు మళ్లీ ఇరవై. పన్నెండేళ్లుగా మావాడు ఆ కొట్టుకు ఒక్కడే వెళ్లి క్షవరం చేయించుకుని వస్తున్నాడు. ఆయన ఏ శిక్షణకూ వెళ్లలేదు.

ఇంకో సంగతి. మా ఇల్లు తాతయ్యగుంట గంగమ్మ గుడికి దగ్గర. జాతర రోజుల్లో డప్పులు, వేపమండలు, వీధి నిండా జనం. అలాంటి చోట ఆటిజం ఉన్నవాడు నిలవలేడని మీరు అనుకుంటారు. మావాడు నిలుస్తాడు. మేడ మీద చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని చూస్తాడు. ఎందుకంటే అక్కడ వరుస తప్పదు. చాటింపు అయ్యాక బైరాగి వేషం, మర్నాడు బండ వేషం, ఆ తర్వాత తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, సున్నపు కుండలు, ఆపైన జాతర. ఏ రోజు ఏ వేషమో వాడు క్యాలెండరు మీద రాసిపెట్టుకుంటాడు. శబ్దం వాడికి బాధే. అయితే ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగుతుందో తెలిసిన శబ్దాన్ని ఓర్చుకోగలడు. మీ వరండాలో జాతర చప్పుడులో పదో వంతు కూడా లేదు. అక్కడ లేనిది వరుస.

ఇక దీనివల్ల మాలాంటి ఇళ్లలో ఏం జరుగుతోందో వరుసగా రాస్తాను. ఇందులో కొన్ని మా ఇంటివి, కొన్ని నాకు తెలిసిన ఇతర తల్లిదండ్రులవి.

1. జబ్బు ముదురుతోంది. పన్ను, చెవి, మలబద్ధకం, కాలిన పుండు – ఏదైనా సరే, 'సహకరించడం లేదు' అన్న రెండు ముక్కలతో వాయిదా పడుతోంది. తలబాదుకోవడం, చేయి కొరుక్కోవడం చూడగానే 'అది ఆటిజంలో భాగమే' అనేస్తున్నారు. మాట రాని మనిషి నొప్పిని, భయాన్ని వేరే ఏ దారిలో చెప్పగలడు?

2. ఒక్క రోజు బలవంతం ఏళ్ల తరబడి వెంటాడుతోంది. ఆ రోజు తర్వాత మావాడు ఫినాయిలు వాసన వచ్చే ఏ గదిలోకీ అడుగు పెట్టడం లేదు. ఆ ఆసుపత్రి ఉన్న దారిలో ఆటో వెళితే మధ్యలోనే దూకబోయాడు. అందుకని స్టేషను వైపు వెళ్లాలంటే మేము ఊరంతా చుట్టి వెళుతున్నాం. ఆటో మనిషి అదనంగా 40 రూపాయలు తీసుకుంటాడు. అతని తప్పేమీ లేదు.

3. మాత్రల సంగతి జాగ్రత్తగా రాయాలి. మావాడికి 15 ఏళ్లప్పుడు రిస్పెరిడోన్ రాశారు. అమెరికాలో ఔషధ నియంత్రణ సంస్థ 2006లో ఆ మందును ఆటిజం ఉన్న 5 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో చిరాకు, దూకుడు, తనను తాను గాయపరచుకోవడం తగ్గించడానికి అనుమతించింది. ఆందోళనకు అనుమతించలేదు. ఆ తేడా మాకు ఎవరూ చెప్పలేదు. ఏడాదిలో వాడు 11 కిలోలు పెరిగాడు. చెంప కొట్టుకోవడం తగ్గింది. 'ఇంజను' అనడం తగ్గలేదు. ఇది చదివి ఏ తల్లీ తండ్రీ తమంతట తాము మందు ఆపేయవద్దు, అది ప్రమాదం. ఆ మందు వల్లే రాత్రిళ్లు నిద్రపోతున్న ఇళ్లు కూడా నాకు తెలుసు. నేను అడిగేది ఒక్కటే: ఏ బాధకు ఏ మందు ఇస్తున్నారో చెప్పి ఇవ్వండి.

4. ఆందోళనకు వైద్యం ఉందనే సంగతే మాకు తెలియకుండా పోతోంది. సీబీటీ అనే మాటల చికిత్సను ఆటిజం ఉన్న పిల్లలకు తగ్గట్టు మార్చి – బొమ్మలతో, రాతతో, వాళ్లకు ఇష్టమైన విషయాలతో, తల్లిదండ్రులను కూర్చోబెట్టుకుని – చేస్తే ఆందోళన తగ్గుతుందని 2020లో అమెరికాలో 167 మంది పిల్లలతో చేసిన పరీక్షలో తేలింది. మార్చకుండా చేసిన సీబీటీ కంటే అది మెరుగ్గా పనిచేసింది. బ్రిటన్‌లో వైద్యులకిచ్చే మార్గదర్శకాల్లో పెద్దవాళ్లకు 2012లో, పిల్లలకు 2013లో ఇలా మార్చి చేయమని రాసుకున్నారు. తిరుపతిలో ఎన్ని పెద్ద ఆసుపత్రులు! రాయలసీమ జిల్లాల వాళ్లే కాదు, పొరుగు రాష్ట్రాల వాళ్లు కూడా ఇక్కడికి వైద్యానికి వస్తారు. మాకు మాత్రం 'బెంగళూరు వెళ్లి చూడండి' అనే సలహా దొరుకుతోంది. వెళ్లాలంటే బస్సులో ఆరేడు గంటలు. ఆ ప్రయాణమే వాడికి ఒక జబ్బు.

5. పింఛను పోతుందేమోనని భయం. వైకల్య పింఛను నెలకు 6,000 రూపాయలు. పరీక్షకు రమ్మని నోటీసు వస్తే, వైకల్యాన్ని లెక్కగట్టి ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరానికి మనిషిని తీసుకెళ్లి చూపించాలి. శిబిరంలో ఉండేది ఆ వరండానే, పేర్లు పిలిచే ఆ మైకే, ఆ 'ఇప్పుడే'నే. చూపించలేకపోతే హాజరు కాలేదని రాస్తారు. ఎవరి వైకల్యం వరుసలో నిలబడనివ్వదో వాళ్లనే వరుసలో నిలబడి వైకల్యం నిరూపించుకోమనడం ఎలాంటి ఏర్పాటో నాకు ఇప్పటికీ బోధపడదు.

6. బాగా మాట్లాడేవాళ్లు మీ లెక్కలోకే రావడం లేదు. మా బంధువుల అమ్మాయి డిగ్రీ చదువుతోంది. తరగతిలో అందరిలాగే నవ్వుతుంది, జవాబులు చెబుతుంది. ఇంటికి వచ్చి చెప్పులు కూడా విడవకుండా గదిలో చీకట్లో రెండు గంటలు కూర్చుంటుంది. 'ఇంత చక్కగా మాట్లాడుతోంది, దీనికి ఆటిజం ఏమిటి, పెళ్లి చేస్తే సరి' అన్నారట ఒక డాక్టరు.

7. ఇల్లు కదలలేకపోతున్నాం. మా ఆవిడ పీలేరులో ఉన్న తన తమ్ముడి ఇంటి గడప తొక్కక మూడేళ్లయింది. చిత్తూరులో మేనకోడలి పెళ్లికి నేనొక్కణ్ణే వెళ్లి అక్షింతలు వేసి అదే బస్సులో తిరిగి వచ్చాను.

చట్టం ఏమంటుందో కూడా చూశాను. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అందులో గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. 25వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నిటిలో అడ్డంకులు లేని ప్రవేశం ఉండాలి, చూడటంలోనూ వైద్యం చేయడంలోనూ వీరికి ప్రాధాన్యం ఇవ్వాలి. అడ్డంకి అంటే మెట్లేనని మనవాళ్ల లెక్క. ర్యాంపు కట్టి చేతులు దులుపుకుంటారు. మావాడు మెట్లు చకచకా ఎక్కుతాడు. వాడికి అడ్డం పడేది మైకు.

ఇక పట్టుకోవడం గురించి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 97వ సెక్షన్ ప్రకారం, అప్పటికప్పుడు జరగబోయే హానిని ఆపడానికి వేరే దారి లేనప్పుడు మాత్రమే, అదీ బాధ్యుడైన మానసిక వైద్యుడి అనుమతితోనే రోగిని భౌతికంగా నిర్బంధించాలి. శిక్షగా చేయకూడదు, సిబ్బంది చాలరనీ చేయకూడదు. పంటి విభాగం మానసిక ఆసుపత్రి కాదు కదా అని మీరు అనవచ్చు. మానసిక ఆసుపత్రిలోనే కూడని పని పంటి కుర్చీ దగ్గర కూడుతుందా?

మేము కోరేవి ఇవి. డబ్బు ఖర్చయ్యేవి ఇందులో రెండో మూడో ఉన్నాయి, తక్కినవాటికి మాటతీరు, పనితీరు మార్చుకుంటే చాలు.

1. ఓపీలో ఆటిజం ఉన్నవారికి రోజులో మొదటి టోకెన్లు, లేదా ఫోను చేస్తే చెప్పే ఖచ్చితమైన సమయం ఇవ్వండి. 9 గంటల 10 నిమిషాలు అంటే 9 గంటల 10 నిమిషాలే. ఆలస్యమైతే ఆలస్యమైందని చెప్పండి, ఎంతసేపో చెప్పండి, తెలియకపోతే తెలియదని చెప్పండి. 'తెలియదు, పదిన్నరకు మళ్లీ చెబుతాను' అనే మాటను మావాడు భరించగలడు. పదిన్నరకు నిజంగా వచ్చి చెప్పాలి, అంతే. 'ఇప్పుడే' అనే మాట మాత్రం మీ కౌంటరు నుంచి తీసేయండి.

2. పిలుపు వచ్చేదాకా ఆరుబయట, చెట్టు కింద, ఆటోలో ఉండనివ్వండి. వంతు రాగానే ఫోను చేయండి. హోటళ్లలో బల్ల ఖాళీ కాగానే ఫోను చేసి పిలుస్తున్నారు.

3. ప్రతి విభాగం ముందు నాలుగు ఫోటోలు అంటించండి: బయటి తలుపు, కూర్చునే చోటు, డాక్టరు గది, పరీక్ష చేసే కుర్చీ లేదా మంచం. వాటిని మా ఫోన్లకు కూడా పంపండి. ముందు రోజు రాత్రి వాడికి చూపించి, ఒకటి తర్వాత ఒకటి చెప్పుకుంటాం. జిల్లా మొత్తానికి ఒక్కసారి చేస్తే ఏళ్ల తరబడి పనికొస్తుంది.

4. 'భయంగా ఉందా' అని అడిగి ఊరుకోకండి. నిద్ర ఎలా ఉంది, తిండి ఎలా ఉంది, అడిగిందే అడగడం పెరిగిందా, ఎప్పుడూ వెళ్లే చోటికి వెళ్లనంటున్నాడా, కడుపు పట్టుకుంటున్నాడా – ఇవి అడగండి. మాట రానివారికి అంకెలో బొమ్మలో చూపించండి. 'మీ ఇంట్లో దీన్ని ఏమంటారు?' అని తల్లిని అడగండి. ఒక ఇంట్లో అది 'ఇంజను', ఇంకో ఇంట్లో 'చీమలు'. ఆ మాటను చీటీ మీద పైనే రాయండి, తర్వాత చూసే డాక్టరుకు పనికొస్తుంది.

5. చీటీ మీద 'సహకరించలేదు' అని రాయడం మానండి. ఏం జరిగితే ఏం చేశాడో రాయండి: 'మూడు గంటలు వేచి ఉన్నాక, శబ్దానికి చెవులు మూసుకున్నాడు, కుర్చీలో కూర్చోలేదు.' రాయడానికి పది సెకన్లు ఎక్కువ పడుతుంది.

6. బలవంతంగా పట్టుకోవలసి వస్తే ఎందుకు, ఎవరి అనుమతితో, ఎన్ని నిమిషాలు పట్టుకున్నారో రాతలో ఉంచి ఒక నకలు మాకివ్వండి. పంటి చికిత్సకు మత్తు ఇచ్చి చేసే ఏర్పాటు జిల్లాలోని ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎక్కడుందో, ఏ రోజుల్లో చేస్తారో ప్రకటించండి.

7. సదరం శిబిరాల్లో ఆటిజం వారికి విడిగా ఒక పూట కేటాయించండి. అక్కడికి కూడా రాలేనివారిని ఇంటి దగ్గరే చూడండి. హాజరు కాలేదన్న ఒక్క కారణంతో ఎవరి పింఛనూ ఆపవద్దు.

8. జిల్లాలో ఆందోళనకు మాటల చికిత్స చేయగల క్లినికల్ సైకాలజిస్టులు ప్రభుత్వ రంగంలో ఎంతమంది ఉన్నారో, ఏ రోజు ఎక్కడ ఉంటారో వార్డు సచివాలయాల్లో అంటించండి. లేకపోతే లేరని అంటించండి. ఆ కాగితం పట్టుకుని పోస్టుల కోసం పైవాళ్లను మేమే అడుగుతాం.

9. ఏటా ఏప్రిల్ 2న ఆటిజం దినం జరుపుతున్నారు. నీలం బెలూన్లు కడుతున్నారు. మైకులో ప్రసంగాలు ఉంటాయి. ఈసారి ఆ ఖర్చుతో కౌంటరు సిబ్బందికి, ఆయాలకు, సెక్యూరిటీ వారికి ఒక పూట శిక్షణ పెట్టండి. మాట్లాడటానికి ఆటిజం ఉన్న పెద్దవాళ్లనే పిలవండి. మా వీధి క్షవరం పెద్దాయనను కూడా పిలవచ్చు, దారి ఖర్చులు నేను పెట్టుకుంటాను.

ఈ లేఖ నకలు అందరికీ రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. 30 రోజుల్లో రాతపూర్వకమైన జవాబు కోరుతున్నాను. 'పరిష్కరించబడినది' అనే సందేశం వద్దు. రాకపోతే దివ్యాంగుల హక్కుల చట్టం కింద ఉన్న రాష్ట్ర కమిషనర్‌కు ఫిర్యాదు చేస్తాం. నాతో పాటు సంతకం పెట్టడానికి ఇప్పటికే 14 కుటుంబాలు సిద్ధంగా ఉన్నాయి.

మావాడి ధ్రువపత్రం కోసం వచ్చే నెలలో మళ్లీ స్లాటు తీసుకున్నాను. ముందు రోజు సాయంత్రం ఓపీ అయిపోయాక నేనొక్కణ్ణే వచ్చి ఫోటోలు తీసుకుంటాను. గేటు దగ్గర ఆపవద్దని చెప్పి ఉంచండి. ఆ గదిలో ఫ్యాను గనక టక్కుమంటూ ఉంటే, దాన్ని ఆపే స్విచ్చి ఎక్కడుందో ఎవరినైనా చూపించమనండి.

ఇట్లు
ఒక తండ్రి, ఆర్టీసీ విశ్రాంత కండక్టరు
తిరుపతి